పళ్ల డాక్టరుకు ఫ్యూరోసెమైడ్‌తో పనేమిటి? ఫార్మకాలజీ ఎలా చదవాలి?

మల్లెమొగ్గ:

అక్కలకూ అన్నలకూ నమస్కారం. బీడీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం. డెంటల్ మెటీరియల్స్ చేత్తో కలిపి చూస్తాను కాబట్టి గుర్తుంటాయి. ఫార్మకాలజీలో మాత్రం పొద్దున చదివిన మందుల పేర్లు సాయంత్రానికి చెదిరిపోతున్నాయి. లోకల్ అనస్థీషియా, యాంటీబయాటిక్స్, నొప్పి మందులు చదివితే గట్టెక్కుతామని మా బ్యాచ్‌లో చాలామంది అంటున్నారు. నాకు గట్టెక్కడం ఒక్కటే చాలదు. వచ్చే ఏడాది నుంచి రోగుల ముందు కూర్చోవాలి. అయినా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్‌తో పళ్ల డాక్టరుకు పనేమిటో అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గోదావరి దంతవైద్యురాలు:

చెల్లీ, ఫ్యూరోసెమైడ్ నువ్వు రాయవు, నిజమే. అది వాడుతున్న మనిషికి నొప్పి మాత్ర రాస్తావు. నాది చిన్న పట్టణంలో క్లినిక్. వచ్చేవాళ్లలో పెద్దవయసువాళ్లే ఎక్కువ. ఏ మందులు వాడుతున్నారని అడిగితే "బీపీ బిళ్ల, రక్తం పలచబడే బిళ్ల" అంటారు. అందుకే వాడుతున్న స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని రమ్మని ముందే ఫోనులో చెబుతాను. నన్నడిగితే నీ సిలబస్ ఆ కవరే.

అందులో బీపీకి వాడే రామిప్రిల్, దాంతోపాటు ఫ్యూరోసెమైడ్ రెండూ ఉన్నాయనుకో. పన్ను తీశాక అలవాటుగా ఐబుప్రొఫెన్ రాసేస్తే ఏమవుతుంది? కిడ్నీకి రక్తం తెచ్చే నాళం తెరుచుకుని ఉండటానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి, ఐబుప్రొఫెన్ వాటిని ఆపేస్తుంది. రక్తం బయటకు వెళ్లే నాళాన్ని బిగించి లోపల పీడనం నిలిపేది యాంజియోటెన్సిన్ అనే హార్మోను, రామిప్రిల్ దాన్ని తగ్గిస్తుంది. ఫ్యూరోసెమైడ్ ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వయసు మళ్లినవారి కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. అలాంటివారికి పారాసెటమాల్‌తో సరిపోతుందా అని ముందు చూస్తాను. ఇలా చదివితే ఫ్యూరోసెమైడ్ ఎలా మరిచిపోతావు?

కవర్లో బీపీ బిళ్ల అమ్లోడిపిన్ కనిపిస్తే చిగుళ్లు ఉబ్బాయేమో చూస్తాను. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ కూడా అదే పని చేస్తాయి. బోలు ఎముకలకు వాడే అలెండ్రోనేట్, క్యాన్సర్ రోగులకు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ అయితే పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ ఉంటే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూడకుండా పన్ను తీయను, యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్ జోలికి వెళ్లను. ఆ మందు వార్ఫరిన్‌ను శరీరం వదిలించుకోకుండా అడ్డుకుంటుంది.

గుండె రోగులు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాముల సంగతి వేరుగా చెప్పాలి. ఒక్క పన్ను తీయడానికి గుండె రోగి చేత దాన్ని మాన్పించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పన్ను గుంటలో రక్తాన్ని పలచటి నూలు గుడ్డ (గాజ్) అదిమి, కుట్టు వేసి ఆపగలం. గుండె రక్తనాళంలో వేసిన స్టెంటు మూసుకుపోతే మన కుర్చీ దగ్గర ఏం చేయగలం?

పాఠాలు చెప్పే సార్:

డాక్టరుగారి మాట బాగుంది. కానీ కవరు విప్పే ముందు పునాది ఒకటి కావాలి. నేను ఫార్మకాలజీ బోధిస్తాను. అమ్మా, ముందు గుండెనూ రక్తనాళాలనూ మన ప్రమేయం లేకుండా నడిపే స్వయంచాలిత నాడీ వ్యవస్థ చదువు. అడ్రినలిన్ వచ్చి అతుక్కునే ఆల్ఫా, బీటా గ్రాహకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం చూడకుండా గీయగలిగాకే గుండె మందుల్లోకి వెళ్లు. నువ్వు రోజూ వాడబోయే 2 శాతం లిగ్నోకెయిన్ మత్తుమందు సీసాలో అడ్రినలిన్ 1:80,000 ఉంటుంది. అంటే మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాములు. గుండె జబ్బు ఉన్నవారికి సాధారణంగా 40 మైక్రోగ్రాములు దాటవద్దంటారు. భాగించి చూడు, 3.2 మిల్లీలీటర్లు. ఈ లెక్క నోటికి రావాలి.

అదే రోగి బీటా గ్రాహకాలను మూసేసే ప్రొప్రనలాల్ వాడుతుంటే? బీటా-2 మూసుకుపోయింది కాబట్టి కండరాల్లోని రక్తనాళాలు విప్పారవు. ఆల్ఫా ఒక్కటే పనిచేసి బీపీ పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. అదే తరహా మందు అటెనలాల్‌తో ఈ ఇబ్బంది తక్కువ. ఎందుకో నువ్వే రాసి ఇక్కడ పెట్టు.

మరొక మాట. టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనకు సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ కుటుంబపు మందుల్నే గర్భిణులకూ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకూ ఇస్తే ఏర్పడుతున్న పళ్లలో కాల్షియంతో కలిసిపోయి శాశ్వతంగా మరక పడవచ్చని తర్వాత తెలిసింది. మన దంతవైద్య విద్యార్థులకు ఈ రెండూ తెలియాలని నా కోరిక.

మల్లెమొగ్గ:

సార్, అటెనలాల్ ముఖ్యంగా బీటా-1నే ఆపుతుంది, బీటా-2 చాలావరకు తెరిచే ఉంటుంది. అందుకే కదా? ఇంకో సందేహం. చీము పట్టిన పన్నుకు మత్తు సరిగా ఎక్కదంటారు. కారణం పరీక్షలో ఎలా రాయాలి?

పాఠాలు చెప్పే సార్:

సరిగ్గా చెప్పావు. ఇక చీము సంగతి. లిగ్నోకెయిన్ పీకేఏ, అంటే మందు సగం ఆవేశంతో, సగం ఆవేశం లేకుండా ఉండే పీహెచ్, 7.9. మామూలు కణజాలంలో పీహెచ్ 7.4 దగ్గర దాదాపు నాలుగో వంతు ఆవేశం లేని రూపంలో ఉంటుంది. నరం పొరను దాటి లోపలికి వెళ్లేది ఆ భాగమే. చీము ఉన్నచోట పీహెచ్ 6.4కు పడిపోయిందనుకో, ఆ భాగం మూడు శాతానికి దిగుతుంది. హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం రాసి, ఈ రెండు పీహెచ్ అంకెలూ వేసి చూపించు.

గోదావరి దంతవైద్యురాలు:

దీనికే ఒక వరుస చేర్చు చెల్లీ. అలాంటప్పుడు వాపులోకి సూది దించకుండా, దూరంగా ఆరోగ్యంగా ఉన్నచోట నరానికి బ్లాక్ ఇస్తాం, అంటే ఆ నరాన్నే మొద్దుబారుస్తాం. కింది దవడకైతే ఇన్ఫీరియర్ ఆల్వియోలార్ బ్లాక్. ఇంకా, చీముకు అసలు వైద్యం దాన్ని బయటకు పంపడమే. జ్వరం, ముఖానికి పాకుతున్న వాపు లాంటివి ఉంటేనే యాంటీబయాటిక్ తోడు కావాలి. ఒట్టి పంటినొప్పికి అమాక్సిసిలిన్ రాసే అలవాటు మాత్రం నువ్వు చేసుకోకు.