‘అరవ’ తిట్టా, పేరా?

నిన్న ఒకాయన ఏదో సినిమా గురించి రాస్తూ “అరవ అతి” అన్నారు. దాని కింద ఇంకొకరు “ఊరికే అరుస్తుంటారు కాబట్టే అరవోళ్ళు” అని వ్యుత్పత్తి కూడా తేల్చేశారు. బోలెడన్ని నవ్వులు.

మాది చిత్తూరు. నాన్నవాళ్ళు తెలుగు, అమ్మవాళ్ళు తమిళం, తిరుత్తణి. నాన్నమ్మను అవ్వా అని, అమ్మమ్మను పాటీ అని పిలుస్తూ పెరిగాను.

ముందు ఆ వ్యుత్పత్తి సంగతి. తమిళ దేశం ఉత్తరపు కొసన ఒకప్పుడు అరువానాడు అనే సీమ ఉండేది, మనకు పొరుగున తగిలింది వాళ్ళే కాబట్టి ఆ పేరే భాష మొత్తానికి అంటుకుందని పండితులు చెబుతారు. కన్నడంలో కూడా అరవ అనే మాట ఉంది. తమిళులు మనల్ని వడుగులు అన్నదీ ఇలాంటిదే, తమిళంలో వడ అంటే ఉత్తరం. పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పాయిరంలో, అంటే ముందుమాటలో, తమిళం పలికే నేలకు ఉత్తరపు హద్దు వేంకటం, అంటే మన తిరుపతి కొండే. ఇక తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది, ఆ రోజు అది మద్రాసు రాష్ట్రానికి పోయి సత్యవేడు వైపు ఊళ్ళు ఇటు వచ్చాయి. మా తాత అరుగు మీద నుంచి లేవకుండానే రాష్ట్రం మారిపోయాడన్నమాట.

మా ఊళ్ళో “నీకు అరవం వస్తాదా?” అని అడిగితే ఎవరికీ కోపం రాదు. పాటి కూడా “మేం అరవోళ్ళం కదబ్బా, పులుసు ఇట్లే పెడతాం” అనేది, గరిటె ఆపకుండా. అదే మాట హైదరాబాదు హాస్టల్లో “ఏరా అరవోడా, సాంబారు తాగినావా” అయింది. సెలవులకు వేలూరు పోతే మామయ్య కొడుకులు, బంతి వదిలేసిన ప్రతిసారీ, “డేయ్ గొల్టీ!” తెలుగును తిరగేస్తే వచ్చిన మాట అంటారు దాన్ని. రెండు చోట్లా నేనూ నవ్వేశాను. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది ఆ నవ్వే.

నగరి, సత్యవేడు, పలమనేరు వాళ్ళు మీ ఇళ్ళలో ఎట్లా అంటారో రాయండి.

౼ మాది నగరి. మా ఇంట్లో లెక్కలు తెలుగులో, తిట్లు అరవంలో. ఆ మాట వదిలేయమంటే మా అమ్మ భాషకు ఇంకో పేరు వెతుక్కోవాల.

౼ వదిలేయమనలేదక్కా. ‘అరవం’ ఉండనీ, ‘అరవ గోల’, ‘అరవ అతి’ దగ్గరే నా తకరారు.

౼ అదంతా సరదాకి అన్నది సార్, మీరు మరీ సీరియస్ చేస్తున్నారు. ముందు వాళ్ళను గొల్టి అనడం మానమనండి.

౼ పొద్దున మామయ్య కొడుక్కి ఫోన్ చేసి అదే అడిగాను. “చెల్లమా దానే సొల్రోం” అన్నాడు. ముద్దుగానే కదా అంటున్నాం అని.