తంతులో పాట ఆడవాళ్లది, వాద్యం మగవాళ్లది: జెండర్ వైపు నుంచి ఫీల్డ్‌వర్క్ ఎలా చేయాలి?

హంసధ్వని_పీజీ

నమస్కారం. ఆంత్రోపాలజీ డిసర్టేషన్‌కి ఒక తంతులోని సంగీతాన్ని జెండర్ వైపు నుంచి చూడాలనుకుంటున్నాను. పాడేది ఆడవాళ్లు, వాయించేది మగవాళ్లు. మధ్యలో కొంత భాగం ఆడవాళ్లు మాత్రమే లోపల ఉండి జరుపుతారు. "వాద్యాలు మగవాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి అధికారం వాళ్లదే" అన్నది నా తొలి ప్రతిపాదన. దీన్ని పరిశోధన ప్రశ్నగా ఎలా మార్చాలి? ఫీల్డ్‌లో ఏమేం నమోదు చేసుకోవాలి? నేను మగవాణ్ణి. ఆ లోపలి భాగం సంగతి ఏం చేయాలి?

క్షేత్రపుట

మీ ప్రతిపాదనలో జవాబు ముందే వచ్చి కూర్చుంది. వాద్యం ఎవరి చేతిలో ఉందో చూడగానే తెలుస్తుంది. దాన్ని పట్టుకున్నవాళ్లకి అధికారం ఉందో లేదో ఆ తంతు జరిగే తీరులోంచి తేలాలి. సహారా ఎడారిలోని తువారెగ్ ప్రజల్లో ఇమ్‌జాద్ అనే ఒంటితీగ వాద్యాన్ని వాయించేది ఆడవాళ్లే. దానికి తోడుగా కవిత్వం పాడేది ఎక్కువగా మగవాళ్లు. మీ సూత్రం నిజమైతే అక్కడ అధికారమంతా ఆడవాళ్లదని ఒప్పుకోవాలి. అంత తేలిగ్గా ఒప్పుకోలేం కదా.

బ్రెజిల్‌లో ఎగువ షింగూ ప్రాంతపు వౌజా ఆదివాసుల సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. కవొకా వేణువులు ఊదేది మగవాళ్లు. ఆడవాళ్లు వాటిని చూడకూడదు, వినడానికి మాత్రం అడ్డు లేదు. పైగా ఆడవాళ్ల తంతు యామురికుమాలోని పాటలకీ ఆ వేణువుల బాణీలకీ దగ్గరి చుట్టరికం ఉంది. "ఎవరు ఊదుతారు" అని మాత్రమే అడిగి వచ్చేస్తే వినేవాళ్ల పాత్ర మొత్తం చేజారుతుంది.

కాబట్టి ముందు తంతును ఖండాలుగా విడగొట్టండి. స్థలమో, మనుషులో, ధ్వనో మారిన చోట కొత్త ఖండం. ఒక్కో ఖండానికీ రాసుకోవాల్సినవి: ధ్వని ఎవరిది, ఎవరి సైగతో మొదలైంది, ఎవరు ఆపారు, తప్పు పోతే ఎవరు దిద్దారు, ఎవరు తప్పక వినాలి, ఎవరు దూరంగా ఉండాలి. వీటిలో మొదలు, ఆపు, దిద్దుబాటు గురించిన నోట్స్ మీ ప్రశ్నకి అన్నిటికంటే ఎక్కువ పనికొస్తాయి. ముఖ్యంగా దిద్దుబాటు. డోలు ముందుకు పరిగెత్తితే పాడే పెద్దావిడ గొంతు పెంచి లయను వెనక్కి లాగుతోందా, లేక పాటే డోలు వెంట పోతోందా?

ఆడ, మగ అని రెండే గడులు గీసుకోవద్దు. వయసు, పెళ్లి, వైధవ్యం, వంశం, ఆ సమాజం గుర్తించే ఇతర జెండర్లు కూడా పట్టికలో ఉండాలి. "ఆడవాళ్లు ముట్టకూడదు" అని చెప్పిన నియమం, రెండోసారి అడిగితే "నెలసరి వచ్చే వయసువాళ్లు ముట్టకూడదు" అని మారడం మామూలే. అప్పుడు మీ విశ్లేషణే మారిపోతుంది.

సంగీతాన్ని ఆంత్రోపాలజీ వైపు నుంచి చూసిన అలన్ మెరియమ్ 1964లో సంగీతాన్ని భావన, ప్రవర్తన, ధ్వని అనే మూడు స్థాయుల్లో చూడమన్నాడు. నోట్‌బుక్‌లో దాన్ని ఇలా వాడుకోవచ్చు: చెప్పిన నియమం ఒక వరుస, నిజంగా జరిగింది ఒక వరుస, చెప్పిన కారణం ఒక వరుస. కారణాలు మనిషికొకటి వస్తాయి. వాటిని కలిపి సగటు తీయకండి. ఎవరు ఏది చెప్పారో వేరువేరుగా ఉంచండి.

ఇక ప్రశ్న: "ఈ తంతులో పాట మొదలూ ముగింపూ ఎవరు నిర్ణయిస్తారు, వాద్యం పాటను నడుపుతుందా, అనుసరిస్తుందా, దానికి ఆడవాళ్లూ మగవాళ్లూ చెప్పే కారణాలు ఎక్కడ విడిపోతాయి?" ఇలా అడిగితే మీ తొలి ఊహ తప్పని తేలే అవకాశం ఉంటుంది.

వేవ్‌ఫైల్

పై మాటలకి రికార్డింగ్ వైపు నుంచి కొంత.

ఒకే మైక్ డోలు దగ్గర పెడితే పాటలో మాటలు మునిగిపోతాయి. రెండు రికార్డర్లు పెట్టండి, ఒకటి గాయనుల వైపు, ఇంకోటి వాద్యాల వైపు. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. పెద్ద శబ్దాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా లెవెల్ పెట్టుకోండి. ఆటో గెయిన్ (రికార్డరే లెవెల్ మార్చుకునే సదుపాయం) కచ్చితంగా ఆపేయాలి: అది మెల్లని గొంతునీ డోలు దెబ్బనీ ఒకే ఎత్తుకి తెచ్చేస్తుంది, ఎవరు గొంతు పెంచారో తర్వాత చెప్పలేం. లో కట్ (మంద్ర ధ్వనిని కోసేసే ఫిల్టర్) కూడా వద్దు, డోలు అడుగు ధ్వని పోతుంది.

రెండు ఫైళ్లను జత చేయడానికి తంతుకి ముందొక చప్పట్టు, అంతా అయ్యాక ఒక చప్పట్టు. రెండోది ఎందుకంటే గంటలు గడిచేకొద్దీ రెండు పరికరాల గడియారాలూ కొద్దికొద్దిగా విడిపోతాయి. "ఎవరు ముందు ఎత్తుకున్నారు" అని కొలిచేటప్పుడు దూరం మరవద్దు. ధ్వని 10 మీటర్లు పోవడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేమే 40 మిల్లీసెకన్లు. అందుకని ఎత్తుకున్న సమయాన్ని ఆడియోలో చూడండి. చూపు, తల ఊపు, చేతి సైగ వీడియోలో చూడండి. ఆడియో, వీడియోలకి సమయం వారీగా నోట్స్ రాసుకోవడానికి ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఒక్కో మనిషికీ ఒక్కో టియర్ (నోట్స్ వరుస), వినేవాళ్ల స్పందనకి వేరే టియర్ పెట్టుకోవచ్చు.

తంతులో శోకాలు ఉంటే చాలా జాగ్రత్త. పాపువా న్యూగినీలోని కాలూలీల మధ్య పనిచేసిన పరిశోధకుడు స్టీవెన్ ఫెల్డ్, చావు దగ్గర ఆడవాళ్ల ఏడుపు పైనుంచి కిందికి దిగే స్వరాలమీద, అప్పటికప్పుడు అల్లిన మాటలతో సాగుతుందని చూపించాడు. మగవాళ్లు పాడే "గిసాలో" అనే పాటల లక్ష్యం వినేవాళ్లను ఏడిపించడం. ఏడుపును ఆవేశం కిందా, పాటను కళ కిందా రాస్తే ఆడవాళ్ల కూర్పు మీ లెక్కలోకే రాదు.

చావు లేనప్పుడు శోకం పాడి వినిపించమని అడగొద్దు, అశుభమని బాధపడవచ్చు. వేరే పాటలైనా అడిగి పాడించుకున్నప్పుడు చరణాలు తగ్గుతాయి, నడక మారుతుంది. ఆ ఫైళ్లను తంతులో రికార్డు చేసినవాటితో కలపకండి. తర్వాత 30 నుంచి 60 సెకన్ల ముక్కలు వినిపించి "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని ఆడవాళ్లనీ మగవాళ్లనీ విడివిడిగా అడగండి. కలిపి కూర్చోబెడితే ఒక వర్గమే అందరి తరఫునా మాట్లాడేస్తుంది.

హంసధ్వని_పీజీ

ఇద్దరికీ చాలా థాంక్స్, ప్రశ్నకి ఇప్పుడు ఆకారం వచ్చింది. లోపలి భాగానికి రికార్డర్‌ని ఒక గాయని చేతికిచ్చి పంపితే సరిపోతుందా?

అనుమతిపత్రం

సరిపోదండీ. మీరు వెళ్లకూడని చోటి ధ్వని మీరు వినవచ్చా అన్నది వేరే ప్రశ్న, దాన్ని నేరుగా అడగాలి. పైగా ఆ గాయని ఒప్పుకున్నంత మాత్రాన మిగతావాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. జరిపించే పెద్దావిడ, లోపల ఉండే అందరూ విడిగా చెప్పాలి. అనుమతిని నాలుగు ముక్కలుగా అడగండి: రికార్డు చేయడం, మీరు వినడం, మాటలు థీసిస్‌లో రాయడం, ఆర్కైవ్‌లో ఉంచడం. మొదటిదానికి సరే అని నాలుగోదానికి వద్దనే హక్కు వాళ్లది.

మహిళా సహపరిశోధకురాలు ఉంటే మేలే, అయితే ఆమెకీ తలుపు తెరుచుకుంటుందని హామీ లేదు. వయసు, పెళ్లి, బంధుత్వం అడ్డురావచ్చు. వెళ్లగలిగితే విశ్లేషణలో కూడా ఆమె పేరు ఉండాలి, డేటా తెచ్చిన మనిషిగా మిగల్చకండి. ఎవరూ వెళ్లలేకపోతే ఆ హద్దునే నమోదు చేయండి: బయటికి ఏం వినిపిస్తోంది, ఎంతసేపు, అప్పుడు మగవాళ్లు ఏం చేస్తున్నారు, లోపలి సంగతి తమకు తెలుసంటారా, తెలియదంటారా. ఒక అధ్యాయానికి సరిపడా సరుకు అక్కడే దొరుకుతుంది.

ఆస్ట్రేలియాలోని ఆదివాసీ అధ్యయన సంస్థ ఆయాట్సిస్ తన సేకరణల్లో మగవాళ్లకు మాత్రమే, ఆడవాళ్లకు మాత్రమే అనే పరిమితులు పాటిస్తుంది. మీరు ఇచ్చే ఆర్కైవ్ అలాంటి షరతు అమలు చేయగలదో లేదో రికార్డు చేయకముందే కనుక్కోండి. పరిమితి గుర్తును ఫైల్ పేరులోనే పెట్టండి. విడి పట్టికలో రాస్తే కాపీలు చేతులు మారేసరికి పట్టిక ఒకచోట, ఫైలు ఒకచోట అవుతాయి.