తిరుపతి పుట్టింది 1130లోనేనా? మరి తిరుచానూరు సంగతేంది?

కొర్లగుంట:
2022 ఫిబ్రవరి 24న తిరుపతికి 892వ పుట్టినరోజు చేసినారు. 1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ ఊరు కట్టించినారనేది లెక్క. అట్లయితే మనం శివారు కింద జమకట్టే తిరుచానూరు తర్వాత పుట్టిందా, ముందా?

శాసనాల పిచ్చి:
ముందే. సందేహం లేదు. తిరుచానూరులో పల్లవ దంతివర్మ 51వ రాజ్య సంవత్సరపు తమిళ శాసనం ఉండాది. 9వ శతాబ్దం. అక్కడి తిరువిళన్‌కోయిల్ పెరుమాళ్ళకు దీపం పెట్టించిన సంగతి అందులో ఉంది. అప్పట్లో ఊరి పేరు తిరుచ్చొగినూరు, ఉండింది తిరువేంగడకోట్టం అనే సీమలో. ఊరి వ్యవహారాలు చూసే పెద్దల సభ ఒకటి ఉండేది. కొండమీది గుడికి వచ్చే దానాల లెక్కాజమా చాలావరకు ఆ సభ చేతులమీదుగానే నడిచేది. సామవై అనే పల్లవ రాణి వెండి విగ్రహం (ఇప్పటి భోగ శ్రీనివాసమూర్తి) ఇచ్చినప్పుడు దాని ఖర్చులకు భూమి కొన్నది కూడా ఆ సభవాళ్ళ దగ్గరే.

గాలిగోపురం:
ఆ సామవై శాసనాన్నే ఒకరు 614 అంటారు, ఇంకొకరు 966 అంటారు. 350 ఏళ్ళ తేడా వచ్చేదాన్ని పట్టుకుని ఊరి వయసు తేల్చేదెట్లా సామీ?

శాసనాల పిచ్చి:
అందులో శక సంవత్సరం లేదు. "కొప్పాత్ర మహేంద్ర పన్మర్ 14వ ఏడు" అని మాత్రం ఉంది. ఆ మహేంద్రుణ్ణి మొదటి మహేంద్రవర్మ అనుకుని, ఆయన ఏలుబడి మొదలైన 600కు 14 కలిపితే 614 వస్తుంది. లిపి చూసినోళ్ళు 10వ శతాబ్దానిదంటారు, అందుకే 966. నేను రెండోదాని పక్కే. దాన్ని పక్కన పెట్టినా తిరుచానూరుకు నష్టం లేదు. మొదటి రాజేంద్ర చోళుడి 7వ ఏటి శాసనం చూడండి. తిరుమలలో 24 దీపాలు వెలిగిస్తామని పొన్ను (బంగారం) తీసుకున్న తిరుముండియం అనే ఊరి సభవాళ్ళు రెండే వెలిగించినారు. చోళ అధికారి వచ్చి విచారించింది తిరుచానూరులో. దీన్ని క్రీస్తుశకంలోకి మార్చేటప్పుడు 1014 నుంచి లెక్కపెట్టి తప్పులో పడతారు. రాజేంద్రుడి ఏళ్ళు తండ్రితో కలిసి ఏలిన 1012 నుంచే మొదలు, కాబట్టి అది 1018–19. 1130కి నూరేళ్ళకు పైగా ముందు.

అలిపిరి మెట్టు:
ఊరు ముందు పుట్టడం వేరు, పట్టణం కావడం వేరప్పా. తిరుచానూరు స్వర్ణముఖి పక్కన వరి పండే ఊరు, నీళ్ళుండే చోట జనం ముందు దిగుతారు. యాత్రికుడికి కావాల్సింది కొండ అడుగు. అందుకే జనం ఇటు జరిగినారు. రామానుజులకు ముందు కపిలతీర్థం పక్కన కొత్తూరు ఉండేదనీ, అక్కడోళ్ళే గోవిందరాజస్వామి గుడి దగ్గరికి వచ్చినారనీ చెప్తారు. నాలుగు మాడవీధులు, అగ్రహారం, ఆ తర్వాత విజయనగర రాజుల మంటపాలు, ఇదీ పట్టణం. 1886లో మున్సిపాలిటీ అయింది ఈ భాగమే. 2007లో కార్పొరేషన్ అయినప్పుడు కూడా తిరుచానూరు పంచాయతీగా బయటే ఉండిపోయింది.

శాసనాల పిచ్చి:
పట్టణం మాట ఒప్పుకుంటా. తేదీ మాటే ఒప్పుకోను. రామానుజుల ప్రతిష్ఠ కథను విస్తారంగా చెప్పేది వేంకటాచల ఇతిహాసమాల. అది భక్తుల చరిత్ర. శాసనం అన్నప్పుడు ఏ గుడి, ఏ గోడ, ఏ రాజు, ఎన్నో ఏడు, ఈ నాలుగూ చెప్పాల. ఆ నాలుగూ చెప్పకుండా నెల, తారీఖు చెప్తే పంచాంగం లెక్కే గానీ చరిత్ర కాదు.

గాలిగోపురం:
పంచాంగం మాట వచ్చింది కాబట్టి చెప్తా. 1130 ఫిబ్రవరి 24 జూలియన్ (గ్రెగోరియన్‌కు ముందరి పాత క్యాలెండరు) లెక్కలో సోమవారం. 12వ శతాబ్దపు తేదీని ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండరుకు తేవాలంటే 7 రోజులు కలపాల. అంటే మార్చి 3. పండగ వారం ముందే చేస్తా ఉండాం.

కొర్లగుంట:
అయితే మార్చి 3న చేసుకోవాలంటారా?

శాసనాల పిచ్చి:
చేసుకోండి, గోవిందరాజస్వామి గుడి పేరుమీద. అదే ఆవరణలో పార్థసారథి సన్నిధి అంతకన్నా పాతదంటారు. దాని పుట్టినరోజు ఏ తారీఖున చేస్తారో అలిపిరి మెట్టు గారినే అడగండి.