అప్‌డేట్: ‘ఫిన్’ అంటే నోటా, చేప రెక్కా?

అమెరికా వాడుకలో అయిదు డాలర్ల నోటును ‘ఫిన్’ అని ఎందుకంటారని, దానికీ చేప ఈతరెక్కకూ సంబంధమేమిటని అడిగిన నా ప్రశ్నకు సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మీరు సూచించినట్టు నిఘంటువులు తిరగేయగా, ఇవి రూపం మాత్రమే కలిసిన రెండు వేర్వేరు మాటలని తేలింది. లింకన్ బొమ్మ ఉండే ఆ నోటు పేరు యిడ్డిష్ భాషలో అయిదుకున్న ‘ఫిన్ఫ్’ నుంచి వచ్చింది; చేపకు చెందినది పాత ఇంగ్లీషులోనే ఉంది. ఇంజను వేడిని గాలిలోకి వదిలే లోహపు రేకులకూ, ఈతగాళ్లు పాదాలకు తొడుక్కునే వాటికీ ఆ రెండో మాటే వర్తిస్తుంది. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది విమానం సంగతి: చేప వీపు మీది రెక్క దాన్ని పక్కకు దొర్లిపోకుండా నిలిపినట్టే, తోకపై నిలువుగా ఉండే ‘ఫిన్’ విమానం ముక్కు అటూఇటూ తిరిగిపోకుండా ఆపుతుంది కనుక, ఇక్కడ పేరుతోపాటు పని కూడా చాలావరకు కలిసింది.