సైకాలజీ ఫైనల్ ఇయర్ వాళ్ళకి కెరీర్ సెషన్ పెట్టాలి, పనికొచ్చేలా ఎలా చేయాలో చెప్పండి

పాఠాల_పని:
అందరికీ నమస్తే. నేను డిగ్రీ వాళ్ళకి సైకాలజీ చెప్తాను. ఫైనల్ ఇయర్ పిల్లలకి కెరీర్ గురించి, పై చదువుల గురించి ఒక సెషన్ పెట్టే పని ఈసారి నా నెత్తిన పడింది. క్లాస్‌లో ఎవర్ని కదిపినా రెండే జవాబులు, క్లినికల్ సైకాలజిస్ట్ అవుతా అని, లేదంటే ఇంకా ఏమీ అనుకోలేదు మేడమ్ అని. క్లినికలే ఎందుకమ్మా అంటే "ఫ్రెండ్స్ అందరూ వాళ్ళ బాధలు నాకే చెప్పుకుంటారు మేడమ్, నేను బాగా వింటాను" అంటారు. స్టాటిస్టిక్స్ పేరెత్తితే మాత్రం మొహాలు మాడిపోతాయి. పోయిన బ్యాచ్‌కి వేరే వాళ్ళు పీపీటీ వేశారు, స్లయిడ్‌కి ఒక బ్రాంచ్ చొప్పున క్లినికల్, కౌన్సెలింగ్, ఫోరెన్సిక్, స్పోర్ట్స్ అంటూ, పిల్లలు ఫోన్‌లో ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు, అంతే సంగతులు. నాకు అలా వద్దు. ఇంకో రెండు డౌట్లు: డిగ్రీ అవ్వగానే మాస్టర్స్‌లో చేరమనాలా, కొన్నాళ్ళు పని చేసి చూడమనాలా? ఎవరికి ఎలాంటి పనులంటే ఆసక్తో చూసే హాలండ్ ఇంటరెస్ట్ టెస్ట్ ఒకటి చేయిద్దామనుకుంటున్నా, దానివల్ల ఉపయోగం ఏమన్నా ఉందా?

టెస్ట్‌కిట్_మోసేవాణ్ణి:
మేడమ్, నేను క్లినికల్‌లోనే ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. బాగా వింటాను అనేది మంచి గుణమే, వాళ్ళని నిరుత్సాహపరచకండి, కానీ వినడం అనేది ఈ ఉద్యోగంలో ఒక ముక్క మాత్రమే అని మాత్రం చెప్పాలి. పిల్లలకి రోజు ఎలా ఉంటుందో చూపించండి. ఉదాహరణకి ఒక పిల్లాడికి వెక్స్‌లర్ ఐక్యూ టెస్ట్ పెడుతున్నాం అనుకోండి, మాన్యువల్‌లో ఉన్న వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత కవిత్వం కుదరదు, బ్లాక్స్‌తో డిజైన్ పేరుస్తుంటే స్టాప్‌వాచ్ చూసుకోవాలి, వాడు చెప్పిన జవాబు మాట మాటా రాసుకోవాలి, మధ్యలో వాడు తలెత్తి "కరెక్టేనా?" అన్నట్టు చూస్తాడు, అప్పుడు అవును కాదు అని చెప్పకూడదు, బాగా ట్రై చేస్తున్నావు నాన్నా అని ముందుకెళ్ళాలి. ఆ తర్వాత స్కోరింగ్, ఆ తర్వాత రిపోర్టు. రిపోర్టుకి పట్టే టైమ్ గురించి ఎవరూ సినిమా తీయరు కానీ చాలామందికి ఉద్యోగంలో సగం అదే.

థెరపీ వైపు కూడా అంతే, సాధారణంగా ఒక సెషన్ 50 నిమిషాలు అటూ ఇటూ, అది అవ్వగానే నోట్స్, రిస్క్ ఉన్న కేసైతే ఫోన్లు, వారానికోసారి సూపర్‌విజన్‌లో కూర్చుని మనం ఏం చేశామో సీనియర్ ముందు విప్పి చెప్పుకోవడం. ఫ్రెండ్ బాధ వినేటప్పుడు ఇవేవీ ఉండవు కదా.

పై చదువుల్లో తప్పకుండా చెప్పాల్సింది ఏంటంటే లైసెన్సు రూలు దేశానికొకటి. ఎక్కడ ప్రాక్టీస్ చేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకుని, అక్కడి రిజిస్ట్రేషన్ బోర్డు ఏ కోర్సుని ఒప్పుకుంటుందో, సూపర్‌విజన్‌లో ఎన్ని గంటలు అడుగుతుందో బోర్డు వెబ్‌సైట్లోనే చూసుకోవాలి, కాలేజీ బ్రోషర్‌లో కాదు. అమెరికాలో సైకాలజిస్ట్‌గా సొంతంగా ప్రాక్టీస్ చేయాలంటే చాలా రాష్ట్రాల్లో డాక్టరేట్ ఉండాల్సిందే. అందులోనూ పీహెచ్‌డీ వేరు, సైడీ (PsyD, సైకాలజీలో ఇంకో రకం డాక్టరేట్) వేరు. 1949లో అమెరికాలోని బౌల్డర్‌లో జరిగిన కాన్ఫరెన్స్‌లో క్లినికల్ వాళ్ళు రీసెర్చ్, ప్రాక్టీస్ రెండూ నేర్చుకోవాలన్నారు, 1973లో అక్కడే వెయిల్ అనే ఊళ్ళో ఇంకో కాన్ఫరెన్స్‌లో కూర్చున్నవాళ్ళు ప్రాక్టీస్ మీదే దృష్టి పెట్టే డాక్టరేట్ కూడా ఉండొచ్చని ఒప్పుకున్నారు, సైడీ ఆ దారిలో పెరిగిందే. పేరు చూసి కాదు, కోర్సు లోపల ఏం చేయిస్తారో, ఫీజు ఎవరు కడతారో చూసి ఎంచుకోమనండి. ఇంకా సైకియాట్రిస్ట్ అంటే మెడిసిన్ చదివిన డాక్టర్ అని ఫైనల్ ఇయర్‌లో కూడా తెలియని వాళ్ళు ఉంటారు, ఒక్క నిమిషం దానికీ కేటాయించండి.

బటన్_ఎక్కడ:
పైన చెప్పింది బాగుంది గానీ నా గొడవ వేరే. సెషన్ మొత్తం క్లినిక్ చుట్టూనే తిరిగితే సగం క్లాస్‌కి అన్యాయం. సైకాలజిస్ట్ అని బోర్డు లేని ఉద్యోగాల్లోనే సైకాలజీ చదివిన వాళ్ళు చాలామంది ఉంటారు, పిల్లలు జాబ్ సైట్‌లో "సైకాలజీ" అని కొట్టి ఏమీ రావట్లేదు అనుకుంటారు. యూజర్ రీసెర్చర్ (యాప్‌లు, వెబ్‌సైట్లు జనం ఎలా వాడుతున్నారో చూసేవాళ్ళు), హ్యూమన్ ఫ్యాక్టర్స్ (మనిషికి తగ్గట్టు వస్తువుల్ని డిజైన్ చేయడం), పీపుల్ ఎనలిటిక్స్ (ఉద్యోగుల డేటా విశ్లేషణ), మార్కెట్ రీసెర్చ్, లెర్నింగ్ డిజైన్, ఇలా వెతకాలి. ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు, హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ పరిశ్రమల్లో సైకాలజీ గురించి ఇంగ్లిష్‌లో పుస్తకం వేసింది 1913లో.

క్లాస్‌లో చాపానిస్ కథ చెప్పండి, పిల్లలు చెవులు రిక్కిస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక కూడా పైలట్లు చక్రాలు లోపలికి లాగేసేవాళ్ళు, విమానం పొట్ట మీద కూలబడేది. అందరూ పైలట్ అజాగ్రత్త అనేవాళ్ళు. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే సైకాలజిస్ట్ కాక్‌పిట్‌లో చూస్తే చక్రాల కంట్రోలు, ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి వంగే పలకలు) కంట్రోలు పక్కపక్కనే ఒకేలా ఉన్నాయి. చక్రాల దానికి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ దానికి రెక్క ఆకారం తగిలించారు, చేతికి తగలగానే తేడా తెలిసిపోతుంది, ఆ గొడవ తీరిపోయింది. మనిషిని తిట్టకుండా వస్తువుని మార్చడం, యూజర్ రీసెర్చ్‌లో మా పని రోజూ ఇదే. ఒక మనిషిని స్క్రీన్ ముందు కూర్చోబెట్టి ఒక పని ఇచ్చి నోరు మూసుకుని చూడటం, ఆయన కళ్ళ ముందే ఉన్న బటన్‌ని దాటుకుంటూ మూడుసార్లు వెళ్ళిపోతుంటే "అదిగో సార్ అక్కడ" అని నోటి చివరిదాకా వచ్చినా మింగేసుకోవడం. ఎక్స్‌పెరిమెంటల్ ప్రాక్టికల్‌లో నేర్చుకున్న ఓపిక ఇక్కడ పనికొచ్చినంతగా ఎక్కడా రాదు.

చేయించాల్సిన పని ఒకటి చెప్తా: ఒక ఇరవై జాబ్ యాడ్స్ తీసి పైన టైటిల్ కొట్టేసి ప్రింట్ ఇవ్వండి, పని వివరాలు మాత్రమే ఉండాలి. ఈ మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడు, మీరు చేసిన ప్రాక్టికల్స్‌లో దీనికి దగ్గరగా ఉన్నది ఏది, ఇది మీకు నచ్చుతుందా అని రాయమనండి. తర్వాత టైటిల్ చూపించండి. హెచ్ఆర్ అంటే మొహం తిప్పుకునే పిల్ల ట్రైనింగ్ డిజైన్ కాగితం మీద పెద్ద టిక్ పెట్టి ఉంటుంది చూడండి.

ముక్తసరి:
హాలండ్ టెస్ట్ గురించి. చేయించండి, తీర్పులా మాత్రం చదవకండి. జాన్ హాలండ్ థియరీ 1959 నాటిది, ఆరు రకాల ఆసక్తులు, ఇన్వెస్టిగేటివ్, సోషల్ వగైరా. ఆసక్తికీ పనికీ పొత్తు కుదిరితే తృప్తి ఉంటుందనేది ఊహ, స్టడీస్‌లో ఆ లింకు ఉంది గానీ మనం అనుకున్నంత గట్టిగా లేదు. రిపోర్టు చేతికిచ్చే ముందు ఫోరర్ ప్రయోగం గుర్తు చేయండి, 1948లో క్లాస్ మొత్తానికి ఒకే వర్ణన ఇచ్చి ఇది నీ వ్యక్తిత్వం అంటే స్టూడెంట్స్ సగటున 5కి 4 పైనే మార్కులు వేశారు. సైకాలజీ చదివినవాళ్ళే తమ రిపోర్టు దగ్గరికొచ్చేసరికి అచ్చం నేనే అని మురిసిపోతారు. సోషల్ ఎక్కువ వచ్చిందా, సరే, ఎలాంటి మనుషులతో, ఒక్కొక్కరితోనా గుంపుతోనా, జబ్బు పడ్డవాళ్ళతోనా నేర్చుకునేవాళ్ళతోనా అని అక్కడి నుంచి మాటలు మొదలుపెట్టండి.

థీసిస్_తీరం:
మాస్టర్సా పనా అన్నదానికి నా అభిప్రాయం: ఏ స్పెషలైజేషన్ అని అడిగితే కారణం చెప్పలేనివాళ్ళు ఆగడం మంచిది. ఆగడం అంటే ఖాళీగా కూర్చోవడం కాదు, రీసెర్చ్ అసిస్టెంట్‌గానో, స్పెషల్ స్కూల్లోనో, హెల్ప్‌లైన్ వాలంటీర్‌గానో పని చేస్తే రెండు నెలల్లో చాలా భ్రమలు వదులుతాయి, కొన్ని కొత్తవి పడతాయి అది వేరే విషయం. కానీ ఇంట్లో ఒకసారి చదువు ఆపితే మళ్ళీ పంపరు అనే పరిస్థితి ఉన్న పిల్లలకి ఈ సలహా ఇవ్వకండి, వాళ్ళు చేరిపోయి లోపల వెతుక్కోవడమే నయం.

రీసెర్చ్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి 2015 నాటి రెప్లికేషన్ ప్రాజెక్టు చూపించండి. అచ్చయిన 100 స్టడీస్‌ని మళ్ళీ చేస్తే ఒరిజినల్స్‌లో 97 శాతం సిగ్నిఫికెంట్ (ఏదో యాదృచ్ఛికంగా వచ్చిందని కొట్టేయలేని ఫలితం) అయితే మళ్ళీ చేసినవాటిలో 36 శాతమే వచ్చాయి. అది విని "అయితే ఇదంతా అబద్ధమా" అని నీరుగారిపోయేవాళ్ళు కొందరు, "ఎక్కడ తేడా కొట్టింది" అని కళ్ళు పెద్దవి చేసేవాళ్ళు కొందరు, రెండో రకం పిల్లల్ని వదలకండి. స్టాట్స్ భయం ఉంటే జాస్ప్ (JASP) అనే ఫ్రీ స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, మౌస్‌తో పని అయిపోతుంది, అలవాటయ్యాక కోడ్ రాసి వాడే ఆర్ (R)కి రావచ్చు.

అప్లికేషన్ల గురించి ఒక్క మాట. స్టేట్‌మెంట్‌లో చిన్నప్పటి నుంచి మనుషులంటే ఆసక్తి అని మొదలుపెడతారు అందరూ, చదివేవాళ్ళకి విసుగొస్తుంది. చేసిన ప్రాజెక్టులో ఏం అడిగావు, ఏం దొరికింది, ఏది తేలలేదు, అందుకే ఈ ల్యాబ్, ఇలా రాయమనండి. ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేముందు ఆయన పేపర్ ఒక్కటైనా చదవమనండి బాబూ.

పాఠాల_పని:
అందరికీ థ్యాంక్స్ అండీ, టైటిల్ కొట్టేసిన యాడ్స్ పని ఖాయం చేసేశా. సీనియర్లని కూడా పిలుద్దామనుకుంటున్నా, వాళ్ళని ఏం అడగమనాలి? ఇంకా ఇక చదవను, డిగ్రీతోనే ఉద్యోగం చూసుకుంటా అనేవాళ్ళ సంగతి?

బటన్_ఎక్కడ:
సీనియర్లని ఉద్యోగం ఎలా ఉంది అని అడగనివ్వకండి, బాగుంది అంటారు. నిన్న పొద్దున్నుంచి ఏం చేశారో గంట గంటా చెప్పండి అని అడగమనండి. ఏ పని ఎప్పుడూ వాయిదా వేస్తారు అని కూడా.

డిగ్రీతో ఆగేవాళ్ళ రెజ్యూమేలు దగ్గర కూర్చుని దిద్దండి. "మనుషుల్ని బాగా అర్థం చేసుకోగలను" అని రాస్తారు, అది చూసి ఎవరూ పిలవరు. అదే మనిషి ఫైనల్ ఇయర్‌లో ముప్ఫై మందికి ప్రశ్నావళి ఇచ్చి, వాళ్ళ అంగీకారం తీసుకుని, డేటా ఎక్సెల్‌లో ఎక్కించి, తప్పులు ఏరి, రెండు గుంపులు పోల్చి రిపోర్టు రాసి ఉంటాడు, ఆ సంగతే రెజ్యూమేలో ఉండదు, ఎందుకంటే అది మార్కుల కోసం చేసిన పని అనుకుంటాడు. ఆ వాక్యం పైకి తెచ్చి పెట్టండి, మార్కెట్ రీసెర్చ్ వాళ్ళకీ హెచ్ఆర్ వాళ్ళకీ కావాల్సింది అదే. రికార్డు బుక్ సబ్మిట్ చేసే ముందు ఫోటోలు తీసి ఉంచుకోమనండి, తర్వాత వెనక్కి ఇవ్వరు.