పిక్సెల్‌ని చుక్క అనొచ్చా? అంటే సందు చుక్కా, ఎదురు చుక్కా?

సంక్రాంతికి ఇంట్లో కొత్త టీవీ దింపాం. అట్టపెట్టె అరుగు మీద పెడితే, వాకిట్లో ముగ్గేస్తున్న అమ్మ దాని మీద 1920 × 1080 అని చూసి "అదేం లెక్కరా" అంది. అడ్డంగా 1920 చుక్కలు, అలాంటివి 1080 వరసలు, ఇంగ్లీషులో పిక్సెల్ అనే ఆ చుక్కలు వెలిగితేనే బొమ్మ అన్నాను. అమ్మ తలెత్తకుండానే అడిగింది: "సందు చుక్కా, ఎదురు చుక్కా?"

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. నాలుగేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ముగ్గులు తెలియని వాళ్ళ కోసం: పై చుక్కకి సరిగ్గా కింద ఇంకో చుక్క పడితే ఎదురు చుక్క. పై వరసలో రెండు చుక్కల మధ్య సందులోకి వచ్చేలా పెడితే సందు చుక్క. "15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క" అంటే మధ్య వరసలో 15 పెట్టి, పైకీ కిందకీ ఒక్కోటి తగ్గిస్తూ 8 దగ్గర ఆగాలి. మొత్తం 169. మా టీవీది ఎదురు చుక్క, లెక్క 20,73,600.

పిక్సెల్ కూడా ఏమంత పాత మాట కాదు. పిక్చర్, ఎలిమెంట్ అనే రెండు మాటల్ని కత్తిరించి అతికించారు. అంతరిక్ష నౌకలు పంపే ఫొటోల మీద పనిచేసే అమెరికా వాళ్ళు 1965లో అచ్చులో వాడారు. వాళ్ళు అతికించుకున్నప్పుడు మనం ఉన్న మాట వాడుకుంటే తప్పేంటి? చుక్క సరిపోతుందంటారా?

తణుకు మాస్టారు: సరిపోదు బాబూ. చుక్కంటే నక్షత్రం, నీటి బొట్టు, దిష్టి చుక్క. సాయంత్రం పూట ఇంకో అర్థం కూడా ఉంది, చెప్పక్కర్లేదు. శాస్త్రానికి ఒక మాటకి ఒకే అర్థం ఉండాలి. చిత్రకణం అనండి, శుభ్రంగా ఉంటుంది.

పోస్టు పెట్టినవాడు: మాస్టారూ, టీవీల కొట్టుకెళ్ళి "ఇందులో చిత్రకణాలెన్నండీ" అంటే వాడు మనల్ని కింద నుంచి పైకి చూస్తాడండీ. అయినా "15 చుక్కల ముగ్గు" అన్నప్పుడు ఎవరూ ఆకాశంకేసి చూడరు కదా. పక్కనున్న మాటే అర్థం చెప్పేస్తుంది.

రాజోలు నుంచి: నా అభ్యంతరం వేరే. పిక్సెల్ గుండ్రంగా ఉండదు. ఫోన్లో తెల్లటి పేజీ తెరిచి, తడి వేలితో ఒక చిన్న నీటి బొట్టు వేసి చూడండి. బొట్టు భూతద్దంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు కనపడతాయి. ఆ మూడూ కలిస్తేనే మన కంటికి తెలుపు. ఇక టీవీలో అయితే చాలావాటిలో నిలువు బద్దల్లా ఉంటాయి, మూడు బద్దలు కలిసి ఒక చదరం. కాబట్టి గడి అనాలి.

పోస్టు పెట్టినవాడు: గడి బాగుంది, ఒప్పుకుంటాను. కానీ గడి అంటే గీతలు గీసి వదిలేసిన ఖాళీ చోటు. ఇక్కడ వెలిగేది కావాలి. నా ఓటు చుక్కకే.

అమలాపురం నుంచి: సెటప్ బాక్సులో 1080ఐ, 1080పీ అని రెండు కనపడుతున్నాయి. ఐ అంటే ఇంటర్‌లేస్‌డ్ అట, ఒకదాని మధ్యలోకి ఒకటి అల్లడం. మీ సందు చుక్క అదే అయ్యుంటుంది!

పోస్టు పెట్టినవాడు: మొదట నేనూ అలాగే పొరబడ్డాను. సందు చుక్కలో చుక్క జరుగుతుంది. ఇంటర్‌లేస్‌లో చుక్క ఎక్కడిదక్కడే, వచ్చే వేళ మారుతుంది. బేసి వరసలు 540 ముందు, సరి వరసలు 540 తర్వాత, రెండూ కలిపి సెకనుకి 50 సార్లు. 625 గీతల పాత డబ్బా టీవీల కాలం నుంచీ మన దగ్గర ఇదే పద్ధతి. ఒక్కసారే అన్నీ పంపడానికి ప్రసారంలో చోటు చాలక అలా చేశారు. దీనికి తెలుగు మాట మాత్రం నాకు తట్టలేదు. "వరస విడిచి వరస" అనొచ్చేమో.

కాలవ శివారు రైతు: మాట మీ ఊళ్ళోనే ఉందండీ, ఇంజనీర్లకి వినపడలేదంతే. దాళ్వాలో, అదే రెండో పంటలో, నీళ్ళు చాలనప్పుడు కాలవకి ఎలా వదులుతారు? వంతుల వారీ. కొన్నాళ్ళు మీకు, కొన్నాళ్ళు మాకు. ఇక్కడ నీళ్ళు చాలవు, అక్కడ చోటు చాలదు. ఇంటర్‌లేస్ అంటే వంతు వరసలు. అన్నీ ఒకేసారి వచ్చే 1080పీ వానాకాలం సార్వా, 1080ఐ దాళ్వా. ఆయ్!

తణుకు మాస్టారు: చిత్రకణం వెనక్కి తీసుకుంటున్నాను. వంతు వరస అద్భుతం.

కాలవ శివారు రైతు: ఇంకోటండీ. వంతుల వారీ అంటే శివారుకి తేడా తెలుస్తుంది. టీవీలోనూ తెలుస్తుందా?

పోస్టు పెట్టినవాడు: తెలుస్తుందండీ. రెండు వంతుల మధ్య సెకనులో యాభయ్యో వంతు గడిచిపోతుంది. ఈలోగా పరిగెత్తే బౌలర్ ముందుకి జరిగిపోతాడు. ఆ రెండు వంతుల్నీ టీవీ సరిగ్గా కలపలేకపోతే అతని చెయ్యి అంచు దువ్వెన పళ్ళలా చీలి కనపడుతుంది. కదలకుండా కూర్చుని వార్తలు చదివేవాళ్ళ దగ్గర ఏమీ తెలియదు. ఇప్పటి టీవీలు చాలావరకు బాగానే సర్దుతున్నాయి.

అమ్మ ప్రశ్నకి అసలు జవాబు మాత్రం ఫోన్లో దొరికింది. ఓలెడ్ తెర (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) ఉన్న ఫోన్లలో చాలావాటికి ఎరుపు, నీలం చుక్కల మధ్య సందుల్లో ఆకుపచ్చ చుక్కలు కూర్చుంటాయి, ఆకుపచ్చ ఎన్నో ఎరుపు అందులో సగమే. రాజోలు వారు చెప్పిన నీటి బొట్టు వేసి చూస్తే బద్దల బదులు ఆ అమరిక లీలగా తెలుస్తుంది. అంటే మా ఇంట్లో టీవీ ఎదురు చుక్క, ఫోను సందు చుక్క.

ఈ ముక్క అమ్మకి చదివి వినిపించి, పక్కింటి వాళ్ళు 4కే టీవీ కొన్నారు, దానికి 82,94,400 చుక్కలు, మనకంటే సరిగ్గా నాలుగింతలు అన్నాను. మరి ఛానల్ వాడు అన్ని చుక్కలూ పంపుతున్నాడా అని అడిగింది. లేదు, మామూలు హెచ్‌డీ ఛానల్ పంపేది 20 లక్షల పైచిలుకే, మిగతావి చుట్టుపక్కల రంగు చూసి టీవీయే ఊహించి నింపుకుంటుంది అన్నాను.

"అయితే వాకిలంతా చుక్కలు పెట్టుకుని పిండి పావుశేరే తెచ్చుకున్నారన్నమాట" అంది.