అప్‌డేట్: బ్యాటరీ 60% ఉన్నా వ్యాన్‌లో ఫ్రిజ్ ఆగిపోవడం – కారణం దొరికింది

100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఛార్జ్ ఉన్నా, రాత్రిపూట 12 వోల్ట్ ఫ్రిజ్ లో-వోల్టేజ్ ఎర్రర్ చూపించి ఆగిపోతోందని అడిగాను కదా. మల్టీమీటర్‌తో వైరుకి రెండు చివరలా వోల్టేజ్ చూడమన్నవారి మాటే నిజమైంది, థ్యాంక్స్.

కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో బ్యాటరీ దగ్గర 13.1, ఫ్రిజ్ ప్లగ్ దగ్గర 11.4 వోల్టులు. ఫ్రిజ్‌లోని బ్యాటరీ ప్రొటెక్షన్ సెట్టింగ్ (వోల్టేజ్ తగ్గితే ఫ్రిజ్‌ని ఆపేది) 'హై'లో ఉండటంతో, వోల్టేజ్ 11.8 కిందకి రాగానే కట్ చేసేస్తోంది. ఐదు మీటర్ల 1.5 స్క్వేర్ ఎంఎం వైరు కొంత వోల్టేజ్ తినేస్తే, మిగతాది సిగరెట్ లైటర్ సాకెట్‌లోనే పోతోంది. విప్పి చూస్తే మధ్య పిన్ స్ప్రింగ్ వదులై, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. అసలు ఆ సాకెట్ గంటల తరబడి లోడ్ మోయడానికి పనికిరాదు.

6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఆండర్సన్ కనెక్టర్ (ఎక్కువ కరెంట్ మోసే గట్టి ప్లగ్), బ్యాటరీ ప్లస్ పక్కనే 15 ఆంప్ ఫ్యూజ్ వేశాను. ఇప్పుడు స్టార్టింగ్‌లో ఫ్రిజ్ దగ్గర 12.8 వోల్టులు. ప్రొటెక్షన్‌ని 'లో' (తక్కువ) సెట్టింగ్‌కి మార్చాను. లిథియం బ్యాటరీకి బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) కాపలా ఎలాగూ ఉంది.

బీఎంఎస్, సోలార్ కంట్రోలర్ సెట్టింగులకు దీనితో సంబంధం లేదు. రెండో బ్యాటరీ కొని ఉన్నా ఇదే ఎర్రర్ వచ్చేది.